మత్తులో చూసిన గొంతు ఎంతవరకు నిజం?

మత్తు డాక్టర్ల పనిలో సగం గాలి దారిని కాపాడటమే. మనిషి స్పృహ తప్పగానే నాలుక వెనక్కి జారుతుంది, మా చెయ్యి దానంతటదే గడ్డం కిందికి వెళ్ళి దవడను ముందుకి ఎత్తి పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి చేసి చేసి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు అది. అలాంటి మమ్మల్ని పిలిచి "ఈయన గొంతును మూసుకుపోనివ్వండి, ఎక్కడ మూసుకుంటుందో మేం చూడాలి" అని అడిగే పరీక్ష ఒకటుంది. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు ఉన్నవాళ్ళకి కొద్దిపాటి మత్తిచ్చి, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, గురక పెడుతుండగా గొంతు లోపల ఏం జరుగుతోందో చూస్తారు. స్లీప్ ఎండోస్కోపీ అంటారు.

ఈ పరీక్ష మీద నాకు గౌరవం ఉంది. దాన్ని వాడుతున్న తీరు మీదే పేచీ. తెర మీద గొంతు మూసుకుపోవడం కళ్ళారా చూశాక రోగి గానీ, ఇంటివాళ్ళు గానీ, ఒక్కోసారి సర్జన్ గానీ ఇక వేరే ప్రశ్న అడగరు. అడ్డం కనిపించింది కదా, తీసేస్తే సరిపోతుంది అన్నంత తేలిగ్గా మాట ఆపరేషన్ వైపు జరిగిపోతుంది. కానీ ఇన్నాళ్ళూ వచ్చిన అధ్యయనాలు చదివినా, టేబుల్ పక్కన నిలబడి చూసినా నాకు తోచేది వేరు. ఫలానా ఆపరేషన్ వద్దని ఈ పరీక్ష చెప్పినప్పుడు దాని మాట గట్టిగా నిలబడుతుంది. చెయ్యమని చెప్పినట్టు అనిపించినప్పుడు అంత గట్టిగా నిలబడదు.

ముందు ఇది ఎందుకు అవసరమైందో చెప్పాలి. మెలకువగా ఉన్న మనిషిని నోరు తెరవమని టార్చి వేసి చూస్తే గొంతు విశాలంగానే కనిపించవచ్చు. ఎందుకంటే నాలుకను ముందుకి లాగిపట్టే కండరాలు, గొంతు గోడల్ని బిగువుగా ఉంచే కండరాలు మెలకువలో డ్యూటీలో ఉంటాయి. నిద్ర పట్టగానే ఆ బిగువు సడలుతుంది. మామూలు గొంతుకి ఆ సడలింపు లెక్కలోకి రాదు, ముందే ఇరుకుగా ఉన్న గొంతు మాత్రం లోపలికి పీల్చే గాలి ఒత్తిడికే మూసుకుపోతుంది. 10 సెకన్లు, అంతకంటే ఎక్కువసేపు గాలి ఆగితే ఆప్నియా. అలాంటివీ, గాలి బాగా తగ్గిపోయేవీ కలిపి గంటకి 5 దాటితే జబ్బు ఉన్నట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఈ లెక్కంతా స్లీప్ స్టడీ, అంటే నిద్రలో శ్వాసను నమోదు చేసే పరీక్ష ఇస్తుంది. ఎన్నిసార్లు ఆగిందో చెబుతుంది, గొంతులో ఏ చోట ఆగిందో చెప్పదు.

1981లో రెండు సంగతులు జరిగాయి. సిడ్నీలో కోలిన్ సలివన్ బృందం ముక్కు మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతును తెరిచి ఉంచవచ్చని చూపించింది, అదే ఇవాళ్టి సీపాప్. అదే ఏడాది అమెరికాలో షిరో ఫుజిటా బృందం కొండనాలుకను, మెత్తటి అంగిలిలో కొంత భాగాన్ని, టాన్సిల్స్‌నీ తీసి గొంతును వెడల్పు చేసే ఆపరేషన్ గురించి రాసింది. సీపాప్ పెట్టుకుంటే దాదాపు అందరికీ పనిచేస్తుంది, పెట్టుకోవడమే కష్టం. ఆపరేషన్ ఒకసారి చేయించుకుంటే అయిపోతుంది, పనిచేస్తుందన్న నమ్మకమే తక్కువ. రోగుల్ని ఏరకుండా అందరికీ చేసిన ఆ ఆపరేషన్ల ఫలితాలను 1996లో ఒకచోట చేర్చి చూస్తే సుమారు 40 శాతం మందికే ఫలించిందని తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. నాలుక మొదలు దగ్గర మూసుకుపోయే మనిషికి అంగిలి కోస్తే ఏం లాభం?

అందుకే ఎక్కడ మూసుకుపోతోందో ముందే కనుక్కోవాలన్న తపన మొదలైంది. మెలకువలోనే ముక్కూ నోరూ మూసి గాలి లోపలికి పీల్చమని, కెమెరాతో చూసే పద్ధతి ఒకటి వాడారు. మెలకువలో ఉన్న కండరాలతో నిద్రను అనుకరించడమది, ఎంతవరకు కుదురుతుందో మీకే తెలుస్తుంది. 1991లో లండన్‌లో క్రాఫ్ట్, ప్రింగిల్ అనే ఇద్దరు మిడజోలమ్ ఇచ్చి నిద్రపుచ్చి కెమెరాతో చూసిన పద్ధతిని ప్రచురించారు. ఇవాళ మనం చేస్తున్నది దానికి కొనసాగింపే.

ఇక టేబుల్ దగ్గరికి వద్దాం. గదిలో లైట్లు తగ్గిస్తాం, మాటలు ఆపమంటాం. మనిషిని ఇంట్లో పడుకునే విధంగా పడుకోబెడతాం. ముక్కులో కెమెరా వెళ్ళే వైపు కొద్దిగా మందు పూసి మొద్దుబారుస్తాం. అది గొంతులోకి ఎక్కువ కారకూడదు, కారితే గొంతు తనను తాను కాపాడుకునే రిఫ్లెక్స్ కూడా మొద్దుబారి, చూడాల్సిందే మారిపోతుంది. పంపుతో మత్తుమందు నెమ్మదిగా ఎక్కిస్తాం. కాసేపటికి మాట తడబడుతుంది, కళ్ళు వాలతాయి, గురక మొదలవుతుంది. తెర మీద మెత్తటి అంగిలి రెపరెపలాడుతూ కనిపిస్తుంది. ఇంకాస్త లోతుకి వెళ్ళాక గొంతు పక్కగోడలు ఒకదానికొకటి దగ్గరవుతాయి, నాలుక మొదలు వెనక్కి వాలుతుంది. ఉన్నట్టుండి గురక ఆగిపోతుంది. ఛాతీ ఎగిసి పడుతూనే ఉంటుంది, పొట్ట లోపలికి పోతూ వస్తూ ఉంటుంది, గాలి మాత్రం కదలదు.

అప్పుడు వినబడేది వేలికి తొడిగిన ఆక్సిమీటర్ శబ్దం ఒక్కటే. ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ బీప్ స్థాయి దిగుతూ వస్తుంది. మానిటర్ వైపు చూడక్కర్లేదు, చెవికే తెలుస్తుంది. ఆ శబ్దం దిగుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం మా వృత్తిలో ఎవరికైనా కష్టమే. పక్కనున్న సర్జన్ "ఇంకొక్క నిమిషం మేడమ్, నాలుక వెనకాల ఇంకా చూడలేదు" అంటాడు. నిజమే, ఒక్కసారి మూసుకుపోవడం చూసి ఆపేస్తే లాభం లేదు. మూసుకోవడం, ఉలిక్కిపడి తెరుచుకోవడం, మళ్ళీ మూసుకోవడం, ఈ చక్రం ప్రతి చోటా ఒకటికి రెండుసార్లు చూస్తేనే నమ్మకం. ఎక్కడ ఆగాలో మాత్రం నిర్ణయం నాదే, దాని మీద బేరం లేదు.

ఆ తర్వాత దవడను కొద్దిగా ముందుకి జరిపి చూస్తాం. రాత్రిపూట పళ్ళకి పెట్టుకుని కింది దవడను ముందుకి ఉంచే పరికరం ఈ మనిషికి పనిచేస్తుందా అని ఒక అంచనా కోసం. ఇక్కడో చిన్న మోసం జరిగే వీలుంది. నేను అలవాటు కొద్దీ దవడ ఎత్తితే దాదాపు ఎవరి గొంతైనా తెరుచుకుంటుంది. అంత ముందుకి ఏ పరికరమూ తీసుకెళ్ళలేదు, తీసుకెళ్తే పొద్దునకి దవడ కీళ్ళు పట్టేస్తాయి. జరపాల్సింది కొన్ని మిల్లీమీటర్లే. రిపోర్టులో "దవడ ముందుకి తెస్తే తెరుచుకుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే నాకు ఒళ్ళు మండేది ఇందుకే. ఎంత ముందుకి తెస్తే? రాయరు.

మత్తు మందుల సంగతి. మిడజోలమ్‌కి విరుగుడు ఉంది గానీ, కావలసిన లోతు దగ్గర నిలపడం కష్టం, దిగడానికి సమయం పడుతుంది. ప్రొపొఫాల్ చకచకా ఎక్కుతుంది, చకచకా దిగుతుంది, విరుగుడు లేదు. డెక్స్‌మెడిటమిడిన్ మెదడులో మెలకువను నడిపే లోకస్ సెరూలియస్ అనే చోట పనిచేసి మామూలు గాఢనిద్రకి దగ్గరగా తీసుకెళ్తుంది, శ్వాసను పెద్దగా అణచదు. కాకపోతే గుండె వేగాన్ని తగ్గిస్తుంది, నెమ్మదిగా ఎక్కుతుంది, కొందరిలో కావలసినంత లోతుకి తీసుకెళ్ళదు కూడా. నేను పంపుతో ఇచ్చే ప్రొపొఫాల్ వైపే మొగ్గుతాను. ఏ మందు అన్నదాని కంటే ఎలా ఇచ్చారన్నది ముఖ్యం. సిరంజితో ఒక్కసారిగా తోసేస్తే గొంతు మూసుకుపోకముందే మెదడు శ్వాస పీల్చమనే ఆజ్ఞ ఇవ్వడమే ఆపేయవచ్చు. ఛాతీ కదలదు, గాలి రాదు, కండరాలన్నీ జారిపోయి గొంతు వాలిపోయి కనిపిస్తుంది. వీడియోలో అది కూడా ఆప్నియాలాగే ఉంటుంది. కానీ రోగికి రాత్రిళ్ళు జరిగేది అది కాదు, నేనిచ్చిన మందు చేసిన పని. కెమెరా గొంతునే చూపిస్తుంది కాబట్టి, ఛాతీని ఎవరూ చూడకపోతే ఈ తేడా తెలియకుండానే పోతుంది.

మత్తు నిద్ర కాదు కదా అనేది పాత ఆక్షేపణ. ఆక్షేపణ సరైనదే. ప్రొపొఫాల్, మిడజోలమ్ ఇస్తే కలలొచ్చే రెమ్ నిద్ర రాదు. చాలామందికి ఆప్నియా ఉధృతంగా ఉండేది ఆ దశలోనే. పైగా రాత్రంతా జరిగేదాన్ని పావుగంట, ఇరవై నిమిషాల్లో చూస్తాం. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో మామూలుగా గురక పెట్టనివాళ్ళు కూడా చాలామంది మత్తులో గురక పెట్టారు, గురక పెట్టేవాళ్ళలో కొందరు పెట్టలేదు. పరీక్ష పరువు తీసే ఫలితమే అది. అయితే 2005లో ప్రొపొఫాల్‌ని పంపుతో, లోతును అదుపులో పెట్టి ఇచ్చి చూసినప్పుడు గురక లేనివాళ్ళు గురక పెట్టలేదు, ఉన్నవాళ్ళు పెట్టారు. అంతకుముందు 2002లో ఆస్ట్రేలియాలో ఈస్ట్‌వుడ్ బృందం మరో కోణంలో చూసింది. మత్తులో ఎవరి గొంతు తేలిగ్గా కూలిపోయిందో, నిద్రలోనూ వాళ్ళ శ్వాసే ఎక్కువ ఇబ్బంది పడిందని చూపించింది. అంటే మత్తులో కనిపించేది కల్పన కాదు. నిద్రకి బంధువే. ఎంత దగ్గరి బంధువో మత్తు లోతు మీద ఆధారపడి ఉంటుంది. లోతు పెంచుకుంటూ పోతే గొంతు మరింత మూసుకుంటుంది, కాసేపటి క్రితం పాక్షికంగా కనిపించింది పూర్తి అడ్డంగా మారుతుంది.

నేను చూసే రోగుల ఇంటివాళ్ళని ఒక సాయం అడుగుతుంటాను. ఫోన్లో రాత్రిపూట గురక రికార్డు చేసి తెమ్మంటాను. ఒకావిడ అది వినిపించి, తర్వాత పరీక్ష వీడియోలో శబ్దం విని "ఇది ఆయన గురక కాదు డాక్టరు గారూ, ఇంట్లో ఇంత బొంగురుగా ఉండదు" అని తేల్చేసింది. పక్కన పడుకునే మనిషి చెవికి మించిన సాక్ష్యం ఉందనుకోను. ఆ వీడియోను మళ్ళీ కూర్చుని చూస్తే మత్తు కాస్త లోతుగా ఉన్న భాగంలోంచి ఆ క్లిప్ తీసినట్టు తెలిసింది, దానికి ముందున్న భాగంలో అంగిలి ఒక్కటే ఊగుతోంది.

చూసినదాన్ని రాసుకోవడానికి 2011లో కెజిరియన్, హోహెన్‌హార్స్ట్, డివ్రీస్ ఒక పద్ధతి పెట్టారు, ఓట్ అంటారు. మెత్తటి అంగిలి, గొంతు పక్కగోడలు, నాలుక మొదలు, ఎపిగ్లాటిస్ (స్వరపేటిక మీది రేకు), ఈ నాలుగు చోట్లా 0, 1, 2 అని మార్కులు. అడ్డం లేకపోతే 0, కొంత ఉంటే 1, పూర్తిగా ఉంటే 2. దానితోపాటు ముందునుంచి వెనక్కి మూసుకుందా, పక్కలనుంచా, చుట్టూ సమానంగానా అన్నది. తేలిగ్గా ఉంది కాబట్టే అందరూ వాడుతున్నారు. చిక్కల్లా 1కీ 2కీ మధ్య గీత ఎక్కడ అన్నదే. అనుభవమున్న ఇద్దరు ఒకే వీడియో చూస్తే చాలావరకు ఏకీభవిస్తారు, కొత్తవాళ్ళు చూస్తే తలో మాట అంటారు. ఆ గీతకి అటో ఇటో నెట్టేది మత్తు లోతే అయినప్పుడు, ఏ మందు, ఎంత మోతాదు, బిస్ మానిటర్ మీద అంకె ఎంత అన్న మూడు ముక్కలు లేని రిపోర్టుని నేను సగం రిపోర్టుగానే చూస్తాను. బిస్ అంటే మెదడు తరంగాల్ని బట్టి మత్తు లోతును 0 నుంచి 100 వరకు చూపించే యంత్రం. ఆపరేషన్‌కి పూర్తి మత్తిచ్చినప్పుడు 40 నుంచి 60 మధ్య ఉంచుతాం, ఈ పరీక్షకి అంతకంటే తేలిగ్గా ఉండాలి. 45 దగ్గర తీసిన వీడియో చూపించి గొంతు పూర్తిగా మూసుకుపోతోందంటే, ఆ లోతులో నా గొంతూ మూసుకుపోవచ్చు.

సరే, ఇంత చేసి లాభమెంత? 2015లో అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, ఈ పరీక్ష చేశాక దాదాపు సగం మందిలో ముందు అనుకున్న చికిత్స మారిందని వచ్చింది. దీన్ని పెద్ద విజయంలా చెబుతారు. చికిత్స మారడం వేరు, రోగికి మేలు కలగడం వేరు. పరీక్ష చేసి ఆపరేషన్ చేసినవాళ్ళనీ, చెయ్యకుండా చేసినవాళ్ళనీ పోల్చి చూసినప్పుడు ఫలితాల్లో స్పష్టమైన తేడా చూపించిన ఆధారాలు పెద్దగా లేవు. సర్జన్ మిత్రులు దీనికి "కేసులు కష్టమైనవి కాబట్టే పరీక్ష చేశాం, పోలిక సమానం కాదు" అంటారు. అందులో నిజముంది, కొట్టిపారేయను. అయినా కళ్ళతో చూసి చేసింది చూడకుండా చేసినదానికంటే ఖాయంగా మెరుగ్గా ఉంటుందన్న భరోసా మాత్రం రోగికి ఇవ్వలేం.

వద్దని చెప్పే వైపు చూస్తే కథ మారిపోతుంది. నాలుకను కదిలించే నరానికి ఛాతీలో పెట్టిన చిన్న యంత్రంతో కరెంటు అందించే చికిత్స ఉంది, అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. అదే ఏడాది వచ్చిన స్టార్ ట్రయల్‌లో 126 మందికి పెడితే, గంటకి ఊపిరి ఆగే, తగ్గే లెక్క మీడియన్ (వరసలో నడిమి రోగి అంకె) 29.3 నుంచి ఏడాదిలో 9కి దిగింది. కానీ ఆ ట్రయల్‌లోకి తీసుకునే ముందే అందరికీ ఈ పరీక్ష చేసి, అంగిలి దగ్గర గొంతు చుట్టూ సమానంగా బిగుసుకుపోయేవాళ్ళని పక్కన పెట్టారు. నాలుక ముందుకి వచ్చినంత మాత్రాన అలాంటి గొంతు తెరుచుకోదని ముందే తేలింది మరి. ఖరీదైన యంత్రాన్ని ఒంట్లో పెట్టించుకోబోయే మనిషిని ఆపగలిగిన పరీక్ష ఇది. 2019లో చాలా ఆసుపత్రులు కలిసి ఆపరేషన్ చేసిన 275 మందిని చూస్తే, గొంతు పక్కగోడలు పూర్తిగా మూసుకుపోయినవాళ్ళకి ఫలితాలు అంతంతమాత్రంగా వచ్చాయి. అక్కడా అంతే, జాగ్రత్త అని చెబుతోంది.

ఎపిగ్లాటిస్ విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మింగేటప్పుడు స్వరపేటికను కప్పే మెత్తటి ఎముక రేకు అది. కొందరిలో ఊపిరి పీల్చినప్పుడల్లా వెనక్కి పడిపోయి దారి మూసేస్తుంది. మెలకువలో చూస్తే దాదాపు తెలియదు. వీళ్ళకి సీపాప్ పెడితే లోపలికి తెరుచుకోని తలుపును బయటనుంచి తోసినట్టే, ఒత్తిడి పెంచేకొద్దీ అది మరింత బిగుసుకోవచ్చు. "మాస్కు పెట్టుకుంటే ఊపిరాడట్లేదు" అని ఇలాంటివాళ్ళు చెబితే సాకు చెబుతున్నారని మందలించి పంపేస్తారు. సీపాప్ సరిపడనివాళ్ళలో కొందరికైనా మత్తిచ్చి ఒకసారి చూడాలని నేను పట్టుబట్టేది వీళ్ళ కోసమే. పిల్లల్లో టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసేశాక కూడా ఆప్నియా తగ్గకపోతే, ముఖ్యంగా డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో, ఈ పరీక్షకి మించిన దారి తోచదు.

కెమెరాకి కనిపించనిది కూడా ఉంది. 2013లో ఎకర్ట్ బృందం ఆప్నియా ఉన్నవాళ్ళని పరీక్షిస్తే, ఇరుకు గొంతుతోపాటు వేరే లోపాలూ బయటపడ్డాయి. గొంతు మూసుకుంటున్నా నాలుక కండరం స్పందించకపోవడం, చిన్న ఇబ్బందికే మెలకువ వచ్చేయడం, శ్వాసను నియంత్రించే వ్యవస్థ అతిగా ఊగిసలాడటం. ఒక్కొక్కటీ మూడో వంతుకు పైగా రోగుల్లో కనిపించింది. వీటిలో ఏదీ వీడియోలో కనపడదు. మెలకువ వచ్చే గుణాన్నైతే మత్తే తుడిచిపెట్టేస్తుంది. బరువు సంగతీ అంతే. 2000లో వచ్చిన అధ్యయనం ప్రకారం 10 శాతం బరువు తగ్గితే గంటకి ఆగే లెక్క సుమారు 26 శాతం తగ్గుతుంది. 2020లో ఎంఆర్ఐ తీసి చూస్తే ఆ మేలులో పెద్ద వాటా నాలుకలోని కొవ్వు తగ్గడానిదే అని తేలింది. 2024 డిసెంబరులో ఊబకాయంతో పాటు ఆప్నియా ఉన్నవాళ్ళకి బరువు తగ్గించే మందు టిర్జెపటైడ్‌ని అమెరికా అనుమతించింది. ఇవాళ నాలుక మొదలు దగ్గర 2 మార్కులు పడిన మనిషి బరువు తగ్గాక అదే గొంతుతో ఉంటాడన్న గ్యారంటీ లేదు. అలాంటప్పుడు కోయడానికి తొందరేమిటి?

మిగిలింది ఒక్క గొడవ. పరీక్ష, ఆపరేషన్ ఒకే మత్తులో కానిచ్చేద్దాం, రోగికి రెండుసార్లు ఎందుకు టెన్షన్ అనే వాదన. వినడానికి బాగుంటుంది. కానీ అప్పుడు రోగి సంతకం పెట్టేది ఏం కనిపిస్తుందో ఎవరికీ తెలియకముందే. కనిపించాక ఆయన నిద్రలో ఉంటాడు, నిర్ణయం ఇంకెవరో చేస్తారు. పైగా టీము అంతా సిద్ధంగా, పరికరాలు విప్పి ఉన్న గదిలో "ఈయనకి ఆపరేషన్ పనికిరాదు, లేపేద్దాం" అనే మాట అంత సులువుగా రాదు. పెద్దవాళ్ళకి అలా చేస్తే నేను ఒప్పుకోను. పరీక్ష చేసి లేపండి, ఇంకో రోజు వీడియో ముందు కూర్చోబెట్టి మాట్లాడండి. పసిపిల్లల విషయంలో మాత్రం మెత్తబడతాను. వాళ్ళకి రెండోసారి మత్తు ఇవ్వకుండా తప్పించుకోగలిగితే మంచిదే, అందుకని ఏది కనిపిస్తే ఏం చేస్తామో, ఏది కనిపిస్తే చెయ్యకుండా లేపేస్తామో ముందురోజే అమ్మానాన్నలతో కూర్చుని కాగితం మీద రాయిస్తాను. ఆ కాగితంలో రెండో వాక్యం లేకపోతే ఆ కేసుకి నేను మత్తివ్వను.